ఆరు వారాంతాలు, 56,640 రూపాయలు: కంపెనీ నడపడం నేర్పిస్తామన్న కోర్సు ఎలా ఉంది

మాది కాకినాడ శివార్లలో అట్టపెట్టెల ఫ్యాక్టరీ. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకి మాస్టర్ కార్టన్లు, అంటే చిన్న ప్యాకెట్లన్నీ కలిపి పంపే పెద్ద పెట్టెలు, చేస్తాం. ఈ కోర్సులో చేరేనాటికి 46 మందిమి. నాన్నగారు 1988లో ఒక కారుగేషన్ మెషీను, ఒక స్టిచింగ్ మెషీనుతో మొదలుపెట్టి, 2019లో నా చేతికి ఇచ్చారు. నేను బీకామ్ చదివాను, లెక్కలు తెలుసు. క్రాఫ్ట్ కాగితం వేళ్ల మధ్య పట్టుకుని ఎన్ని జీఎస్ఎమ్మో, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో, దాదాపుగా చెప్పగలను. కానీ మనుషుల్ని నడిపించడం నాకు ఎవరూ నేర్పలేదు. నాన్నగారు ఎలా చేసేవారో గుర్తు తెచ్చుకుని అలాగే చేసుకుంటూ వచ్చాను. ఆయన అరిస్తే పని జరిగేది. నేను అరిస్తే మనుషులు మానేశారు. 2024 ఒక్క ఏడాదిలోనే తొమ్మిది మంది వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు పదేళ్లు దాటిన ప్రింటింగ్ ఆపరేటర్లు. వెళ్లేటప్పుడు ఒకాయన జీతం గురించి ఒక్క మాట అనలేదు. "మీతో చెప్పినా వినరు కదండీ" అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

విశాఖపట్నంలో చిన్న, మధ్యతరహా కంపెనీల యజమానుల కోసం లీడర్‌షిప్ కోర్సు ఉందని మా ఆడిటర్ గారు చెప్పారు. చేరేముందు దాని గురించి చాలా వెతికాను. చేసి వచ్చినవాళ్లు జీవితం మారిపోయిందని రాశారు గానీ, లోపల ఏం చెబుతారో, మనం ఏం చెయ్యాలో ఒక్కరూ రాయలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం చెప్పడం లేదు. వాళ్లు నాకు ఇవ్వాల్సిన సేవ ఒకటి ఇంకా బాకీ ఉంది. అది తేలకముందే పేరు పెట్టి రాయడం న్యాయం కాదనిపించింది.

ఫీజు 48,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 8,640. మొత్తం 56,640 రూపాయలు. ప్రయాణం, బస ఖర్చు మనదే. 2025 జూన్ 14న మొదలై ఆగస్టు 24తో ముగిసింది. రెండు వారాలకోసారి శని, ఆదివారాలు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా. ఇవి కాక శిక్షకుడు రెండుసార్లు మన ఫ్యాక్టరీకి వచ్చి చూస్తారని, ఆ తర్వాత మూడు నెలలు ఫోన్‌లో అందుబాటులో ఉంటారని రాసి ఇచ్చారు. నేను శుక్రవారం సాయంత్రం సామర్లకోటలో రైలెక్కేదాన్ని. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పేరంటం అయ్యాక రాత్రి బండికి వెళ్లాను. హాలు, ఏసీ, భోజనం అన్నీ బాగున్నాయి, వాటి గురించి ఇంతకన్నా రాయక్కర్లేదు.

మా బ్యాచ్‌లో 22 మందిమి. అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఆయన, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న అన్నదమ్ములు, విశాఖలోనే 30 మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన ఒక కుర్రాడు. ఆడవాళ్లం ముగ్గురం.

మొదటి వారాంతం నాకు అసలు నచ్చలేదు. బయటినుంచి వచ్చిన ఒక స్పీకర్ పెద్ద పాటలు పెట్టి, అందర్నీ లేపి "నేను సింహాన్ని" అని అరిపించారు. ఆదివారం ఒక ప్రశ్నపత్రం నింపించి, మనలో ఎవరు ఏ రంగు మనిషో చెప్పారు. నేను ఎరుపు అన్నారు, అంటే త్వరగా నిర్ణయాలు తీసుకునే రకమట. పొద్దున భర్తతో గొడవపడి వచ్చిన మనిషి, హాయిగా నిద్రపోయి వచ్చిన మనిషి అవే ప్రశ్నలకి ఒకేలా జవాబు రాస్తారని నేను అనుకోను. దాన్ని పట్టుకుని మన దగ్గర పనిచేసేవాళ్లకి కూడా రంగులు వేయమనడం ప్రమాదం. మా దగ్గర ఒక ప్యాకింగ్ అమ్మాయిని మొదటి నెలలోనే "మెతక" అని నేను ముద్ర వేసేశాను. ఆ అమ్మాయి ఇప్పుడు డిస్పాచ్ మొత్తం చూస్తోంది. తర్వాత సత్య నాదెళ్ల గురించి గంటన్నర, అదీ ఇంగ్లీషు స్లైడ్లు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన మన మనిషి 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారంటే నాకూ గర్వమే. అన్నీ తెలుసనుకునేవాళ్లుగా కాకుండా నేర్చుకునేవాళ్లుగా ఉండాలని ఆయన తన కంపెనీకి చెప్పిన మాట కూడా మంచిదే. కానీ ఆయన కింద లక్షమందికి పైగా ఉన్నారు, ఒక్కో పనికి ఒక్కో విభాగం ఉంది. మా ఫ్యాక్టరీలో గమ్ వండే మనిషి రాకపోతే ఆ రోజు లైనే ఆగిపోతుంది. ఆ రెంటికీ మధ్య దారి ఎవరూ చూపించలేదు.

ఆదివారం సాయంత్రం ఇంక రాకూడదనే అనుకున్నాను. ఫీజు వెనక్కి ఇవ్వరని తెలిసి మళ్లీ వెళ్లాను. వెళ్లడమే మంచిదయింది. రెండో వారాంతం నుంచి ముఖ్య శిక్షకుడు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఒక పెద్ద కర్మాగారంలో ప్లాంటు హెడ్‌గా చేసి రిటైరయ్యారు. మేమంతా మాస్టారు అనేవాళ్లం. ఆయన మొదటి గంటలోనే గమనించింది ఏమిటంటే, అనకాపల్లి ఆయన అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదని. దగ్గరికి వెళ్లి తెలుగులో అడిగారు, ఆయన తెలుగులో చెప్పారు. చక్కటి విషయం చెప్పారు. సీజన్‌లో ధర పడిపోతుంటే రైతుకి ఆ సంగతి ముందే చెప్పాలా వద్దా అన్నది ఆయన సమస్య. ఆ క్షణం నుంచి మాస్టారు స్లైడ్లు కట్టేసి మొత్తం తెలుగులోనే నడిపారు. తన ఎదుట కూర్చున్నవాళ్లలో ఎవరు వెనకబడిపోతున్నారో చూడటం నాయకుడి మొదటి లక్షణమని వేరే స్లైడు వేసి చెప్పే అవసరం ఆయనకి రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నేలమీద ఒక గూటం నిలబెట్టి, దానికి పడేలా విసరమని చేతికి అయిదేసి రింగులు ఇచ్చారు. ఎంత దూరంలో నిలబడాలో మన ఇష్టం. నేను రెండడుగుల దూరంలో నిలబడ్డాను, అయిదూ పడ్డాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాడు హాలు చివరికి వెళ్లాడు, ఒక్కటీ పడలేదు. ఆటోనగర్ ఆయన ఒక రింగు వేసి చూసుకుని, ఒక అడుగు వెనక్కి జరిగి, ఇంకోటి వేసి, మళ్లీ జరిగారు. మూడు పడ్డాయి. మాస్టారు ఆయన్నే చూపించారు. దగ్గర్నుంచి వేస్తే మన నైపుణ్యంతో పని లేదు, మరీ దూరం నుంచి వేస్తే పడ్డా అదృష్టమే, మన కృషి వల్ల తేడా వచ్చే దూరం ఎక్కడుందో వెతుక్కుని అక్కడ నిలబడాలి అన్నారు. ఈ ఆటని తన పరిశోధనలో వాడిన హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారనీ, అది కాకినాడ వ్యాపారుల మీదేననీ చెప్పారు.

నేను పుట్టి పెరిగిన ఊరి గురించి ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. యాభైమందికి పైగా కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్ తీసుకెళ్లి, అప్పట్లో సీట్ అని పిలిచే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కొద్దిరోజులు ఉంచి, పెద్ద లక్ష్యం పెట్టుకోవడం, దాన్ని ముక్కలు చేసుకోవడం, ఫలితం కొలుచుకోవడం నేర్పారు. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారుల్ని గమనించారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లు కొత్త పెట్టుబడులు పెట్టడంలో, కొత్తవాళ్లకి పని ఇవ్వడంలో ముందున్నారు. పాత ఆచారాలు, నమ్మకాలు వాళ్లకి అడ్డం రాలేదని కూడా ఆ పరిశోధనలో తేలింది. ఆ సంస్థే ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న నిమ్స్‌మే. ఇంటికి వచ్చి నాన్నగారికి చెబితే, "మేం బడిలో ఉన్నప్పుడు మెయిన్ రోడ్డు షావుకార్లు చదువుకోడానికి హైదరాబాద్ వెళ్లారని అనుకునేవాళ్లు, అదేనేమో" అన్నారు. నాకు మాత్రం దానివల్ల పెద్ద ధైర్యం వచ్చింది. కంపెనీ నడిపే గుణం రక్తంలో ఉండాలని మా బంధువుల్లో చాలామంది నా ముందే అన్నారు. అది నేర్పితే వచ్చేదేనని మా ఊళ్లోనే అరవై ఏళ్ల కిందట పరీక్ష పెట్టి చూశారు.

మూడో వారాంతం మొత్తం వినడం మీదే. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టారు. ఒకరు మూడు నిమిషాలు తన కష్టం చెప్పాలి, రెండోవాళ్లు నోరు విప్పకూడదు. తర్వాత విన్నది తిరిగి చెప్పాలి, మొదటివాళ్లు "అవును, అదే" అనేదాకా. వినడానికి ఇంత తేలికగా ఉందా? నేను నాలుగు ప్రయత్నాల తర్వాత గానీ "అవును, అదే" అనిపించుకోలేకపోయాను. పలాస తమ్ముడు తన అన్నతో వాటాల గురించి చెబుతుంటే, ఇరవై సెకన్లలోనే నా బుర్రలో సలహా తయారైపోయింది. ఆ తర్వాత అతను చెప్పింది ఏదీ లోపలికి పోలేదు. "మీతో చెప్పినా వినరు కదండీ" అన్న మాట నాకు అక్కడ, ఆ కుర్చీలో అర్థమైంది.

ఈ కోర్సులో డబ్బుకి తగిన విలువ ఇచ్చిన భాగం మాత్రం ఫ్యాక్టరీ విజిట్. జులైలో ఒక మంగళవారం మాస్టారు మా దగ్గరికి వచ్చారు. ఎనిమిదిన్నరకి జరిగే మా పొద్దుటి మీటింగ్‌లో ఒక మూల కాగితం రీళ్ల పక్కన నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ ఏదో రాసుకున్నారు. అయ్యాక ఆ కాగితం నాకిచ్చారు. మీటింగ్ 18 నిమిషాలు. అందులో నేను మాట్లాడింది 15 నిమిషాలు. మిగతా మూడు నిమిషాల్లో ఎక్కువ భాగం "అలాగేనండి". ఇంకేమీ అనలేదు, టీ తాగి షెడ్డంతా తిరిగారు. పెట్టె మడవడానికి వీలుగా షీట్లకి గాట్లు కోసే స్లాటింగ్ మెషీను దగ్గర ఆపరేటర్‌ని "మీరైతే ఇక్కడ ఏం మారుస్తారు బాబూ" అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడ్డారు. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. నేను మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. చివరికి ఆపరేటర్, షీట్లు ఎడమ పక్క పేర్చడం వల్ల ప్రతిసారీ ఒళ్లు తిప్పాల్సి వస్తోందని, కుడి పక్కకి మారిస్తే గంటకి ఇంకో కట్ట వస్తుందని చెప్పాడు. ఆ మెషీను అక్కడ ఎనిమిదేళ్లుగా ఉంది.

వెళ్లేముందు నాచేత ఒక పుస్తకంలో మూడు జాబితాలు రాయించారు. నేనే నిర్ణయించేవి, వాళ్లని అడిగి నిర్ణయించేవి, నాకు చెప్పనక్కర్లేనివి. మూడో జాబితా ఖాళీగా ఉంది. స్టిచింగ్ వైరు 300 రూపాయలది కొనాలన్నా నా సంతకం కావాలి. ఆయన దాన్ని చూసి, "అమ్మా, నీకు ఒక్కరోజు జ్వరం వస్తే ఫ్యాక్టరీకి కూడా జ్వరమేనా" అని అడిగారు. అయిదు వేల లోపు కొనుగోళ్లు ప్రొడక్షన్ మేనేజరే చూసుకోవాలని ఆ రోజే రాసి గోడకి పెట్టాం. మొదటి నెలలో తప్పు గేజి వైరు వచ్చింది, నాలుగు వేలు పోయాయి. ఆ అధికారం వెనక్కి లాక్కోవాలని చెయ్యి ఊరుకోలేదు. మాస్టారుకి ఫోన్ చేస్తే, "ఎందుకు తప్పు వచ్చిందో అతన్నే చెప్పమను, మళ్లీ రాకుండా ఏం చేస్తాడో కూడా అతన్నే చెప్పమను, అంతే" అన్నారు. రెండో నెల నుంచి తప్పు రాలేదు.

నాలుగో వారాంతం సత్యం కంప్యూటర్స్ గురించి. ఇంత బాగా చెప్పిన పాఠం నేను కాలేజీలో కూడా వినలేదు. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకి రాసిన లేఖని తెలుగు చేసి అందరికీ పంచారు. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. అసలు లాభానికి, చూపించిన లాభానికి మధ్య తేడా మొదట్లో చిన్నదేననీ, ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందనీ, పులి మీద స్వారీలా అయి దిగితే అది తినేస్తుందన్న పరిస్థితి వచ్చిందనీ రాశారు. మాస్టారు తిట్టలేదు, నీతులు చెప్పలేదు. "ఈ పులి పిల్లగా ఉన్నప్పుడు ఎవరికి చెప్పి ఉంటే ఆగేది?" అని అడిగి అరగంట చర్చ పెట్టారు. తర్వాత ఒక్కొక్కరికి ఒక తెల్ల కాగితం ఇచ్చి, మన కంపెనీలో ఇవాళ మనం ఎవరికీ చెప్పకుండా దాస్తున్న చెడ్డ వార్త రాసుకోమన్నారు. చదవమనలేదు. జేబులో పెట్టుకోమన్నారు.

నేను రాసుకున్నది ఇదీ: ఒక పెద్ద కస్టమర్ దగ్గర 34 లక్షలు 112 రోజులుగా ఆగిపోయాయి, బ్యాంకు సీసీ లిమిట్ (వ్యాపారానికి వాడుకోనిచ్చే అప్పు పరిమితి) నిండిపోయింది, ఈ సంగతి నాన్నగారికి గానీ మా మేనేజర్‌కి గానీ చెప్పలేదు. గట్టిగా అడిగితే ఆర్డర్లు పోతాయని భయం. మర్నాడు డబ్బుల మీద క్లాసులో, మాలాంటి చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లోపు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉందనీ, గడువు దాటితే ఆ కొనుగోలుని కట్టేదాకా వాళ్లు ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేరనీ, ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉందనీ వివరించారు. రాబోయే 13 వారాలకి వారం వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ఒక్క పేజీలో రాసే పద్ధతి చూపించారు. ఇది అకౌంటెంట్ పని అనుకునేదాన్ని. ఏ వారంలో డబ్బు అయిపోతుందో ముందే తెలిసిన మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. గొంతు పెరగదు, టెన్షన్ ఉండదు. ఆ సోమవారమే కస్టమర్ దగ్గరికి స్వయంగా వెళ్లి, మర్యాదగా, చట్టం కాగితం పక్కన పెట్టి అడిగాను. మూడు వాయిదాల్లో కట్టారు. ఆర్డర్లు పోలేదు.

అయిదో వారాంతం కష్టమైన మాటలు చెప్పడం మీద. మా సేల్స్ చూసేది బాబాయిగారి అబ్బాయి, నాకు తమ్ముడు. పదకొండు గంటలకి వస్తాడు, కస్టమర్ల ఫోన్లు ఎత్తడు. మూడేళ్లుగా అందరికీ తెలుసు, నాతో సహా. మాస్టారు సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి తమ్ముడిగా కూర్చోబెట్టి నాతో ఆరుసార్లు ఆ సంభాషణ చేయించారు. "నువ్వు బద్ధకస్తుడివి" అంటే మనిషి ఎదురు తిరుగుతాడు. "జులైలో పద్నాలుగు రోజులు పదకొండు తర్వాత వచ్చావు, ఇదిగో రిజిస్టర్, దీనివల్ల ఈ రెండు ఆర్డర్లు పోయాయి" అంటే మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది. నేను ఆగస్టులో నిజంగానే మాట్లాడాను. తమ్ముడు రెండు వారాలు రాలేదు. తర్వాత వచ్చి కొనుగోళ్ల విభాగంలో చేరాడు, తొమ్మిదికి వస్తున్నాడు. పిన్ని మాత్రం కార్తీకమాసంలో ఒక పెళ్లిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంది. చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి. కంపెనీ కోసం ఇలాంటిది పోగొట్టుకోవాల్సి వస్తుందని కోర్సులో ఎవరూ చెప్పలేదు. మన దగ్గర కంపెనీల్లో సగం చుట్టాలతోనే నడుస్తాయి. దీని మీద ఒక పూటైనా పెట్టి ఉండాల్సింది.

కోర్సు ఆగస్టు 24న అయింది. 27న, సరిగ్గా వినాయక చవితి రోజు, మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యలకి అమెరికాయే పెద్ద మార్కెట్. మా కస్టమర్లలో ఇద్దరు ఆర్డర్లు ఆపేశారు. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు కూడా మారాయి. కాగితం కొన్నప్పుడు 18 శాతం కడతాం, పెట్టె అమ్మినప్పుడు 5 శాతమే వస్తుంది. తేడా రీఫండ్ వచ్చేదాకా మన డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. పాత నేనైతే ఏమీ చెప్పకుండా, తలుపు వేసుకుని కూర్చుని, నెలాఖరుకి పదిమందిని తీసేసేదాన్ని.

ఆగస్టు 28వ తేదీ పొద్దున ఎనిమిదిన్నరకి రెండు షిఫ్టులవాళ్లనీ రీళ్ల దగ్గరికి పిలిచాను. 13 వారాల కాగితం పెద్దగా ప్రింటు తీయించి గోడకి అంటించాను. సుంకం సంగతి, ఆర్డర్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. రెండో షిఫ్టు ఆపుతున్నాను, ఓవర్‌టైమ్ ఉండదు, డిసెంబరు దాకా ఎవరినీ తీయను, నా జీతం సగమే తీసుకుంటాను, డిసెంబరు తర్వాత ఏమిటన్నది నవంబరు మొదటి సోమవారం మళ్లీ ఇక్కడే నిలబడి చెబుతాను అన్నాను. ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత మాట్లాడటం ఆపేశాను. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. నాన్నగారి కాలం నుంచి ఉన్న పేస్టింగ్ మేస్త్రి అడిగాడు, "అమ్మాయిగారూ, మరి దసరా బోనసండీ?" చట్టం ప్రకారం 8.33 శాతం తప్పకుండా ఇస్తానని, పోయినేడు ఇచ్చిన 12 ఈసారి ఇవ్వలేనని చెప్పాను. "ముందే చెప్పేరు, అదే పదివేలండి" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత స్లాటింగ్ ఆపరేటర్ ముందుకు వచ్చాడు. అతని బావమరిది ఆత్రేయపురంలో పూతరేకులు ప్యాక్ చేసి కొరియర్‌లో పంపుతాడట. పెట్టెలు దారిలో నలిగిపోయి రేకులు పొడి అవుతున్నాయని గోల పెడుతున్నాడట. "లోపల అడ్డంగా ఒక పార్టిషన్ పెడితే నలగదండి, మన కటింగులో మిగిలే ముక్కలతోనే అయిపోద్ది" అన్నాడు. మేం ఎగుమతి పెట్టెలు చేసేవాళ్లం, మిఠాయి పెట్టెలు మన పని కాదని అనబోయాను. అనలేదు. వారంలో నమూనాలు చేశాం. ఇప్పుడు ఆత్రేయపురంలో పదకొండు దుకాణాలు, కాజాలు అమ్మేవాళ్లు నలుగురు మా దగ్గర పెట్టెలు తీసుకుంటున్నారు. రొయ్యల పెట్టెలు పోయిన నష్టంలో ఇది పావువంతు కూడా పూడ్చలేదు, ఉన్న సంగతి చెప్పాలి. కానీ ఒక షిఫ్టు నిండుగా నడుస్తోంది. నవంబరు 3 సోమవారం చెప్పినట్టే నిలబడి చెప్పాను. నలుగురు తమంతట తాము హైదరాబాద్ పనులకి వెళ్లారు, నేను తీసినవాళ్లు ఎవరూ లేరు.

ఇక లోపాలు. రాత్రి తొమ్మిది తర్వాత డిన్నర్ పెట్టి పరిచయాలు పెంచుకోమనడం ఆడవాళ్లకి కుదరదు. మేం ముగ్గురం ఒక్కసారే ఉండి వచ్చేశాం. నిజంగా పనికొచ్చే పరిచయాలన్నీ అక్కడే జరిగాయని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం పెడితే ఏం పోయింది? ఇచ్చిన ఫైలు 140 పేజీలు, అంతా ఇంగ్లీషు. అనకాపల్లి ఆయన దాన్ని కొడుకుచేత చదివించుకుంటున్నారు. అన్నిటికన్నా పెద్ద లోపం రెండో ఫ్యాక్టరీ విజిట్. అక్టోబరులో అన్నారు, డిసెంబరు అన్నారు, ఇప్పటిదాకా జరగలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. మాస్టారుకి ఒకేసారి మూడు బ్యాచ్‌లు అప్పజెప్పారట, తప్పు ఆయనది కాదు. బదులుగా గంటసేపు వీడియో కాల్ ఇస్తామన్నారు, వద్దన్నాను. రీళ్ల పక్కన నిలబడి గడియారం చూసే మనిషి వీడియో కాల్‌లో ఎలా వస్తారు? ఇచ్చిన మాట తప్పినప్పుడు ముందే ఫోన్ చేసి చెప్పడం వాళ్లే మాకు నేర్పారు.

మొదటి వారాంతం తీసేసి, ఆ డబ్బుతో రెండు విజిట్లు పెంచితే ఈ కోర్సుకి నేను పూర్తి మార్కులు ఇస్తాను. ఇప్పుడున్నట్టుగా అయితే పదికి ఏడు. పది మంది లోపు ఉన్న కొట్టుకి ఇంత ఖర్చు అక్కర్లేదు. ఇరవై నుంచి వందమంది దాకా ఉండి, అన్ని నిర్ణయాలూ ఒక్క మనిషి బల్ల మీదే ఆగిపోతున్న కంపెనీకి వెళ్లదగ్గ కోర్సు. చేరేముందు మూడు సంగతులు అడగండి: మీ బ్యాచ్‌కి చెప్పేది ఎవరు, తెలుగులో చెబుతారా, ఫ్యాక్టరీకి ఏ తేదీన వస్తారు. మూడోది కాగితం మీద రాయించుకోండి.

వచ్చే బ్యాచ్‌కి మా ప్రొడక్షన్ మేనేజర్‌ని పంపుతున్నాను. ఒకే కంపెనీ నుంచి రెండో మనిషికి 30,000 తీసుకుంటారు. నా రెండో విజిట్ తేదీ రాసి ఇస్తేనే చెక్కు ఇస్తానని చెప్పాను. అతను ఇప్పటికే ఒక పుస్తకం కొనుక్కుని మూడు జాబితాలు మొదలుపెట్టాడు. మూడో జాబితాలో ఏడు పనులున్నాయి.